పళ్లెం దగ్గర మాట

సమన్లు ఇచ్చిపోవడానికి షెరిఫ్ ఆఫీసులో డెప్యూటీ ఎవడైనా చాలు. కౌంటీ ప్రాసిక్యూటర్ అంతటివాడు తానే కారు నడుపుకుంటూ కొండ ఎక్కి వచ్చాడంటే కాగితం చేతిలో పెట్టి పోయే పని కాదని డెన్జిల్ స్టాంపర్‌కి కారు ఆగకముందే అర్థమైంది. వరండాలో ఆయనా, భార్య రీథా బీన్స్ కాయలు దారానికి గుచ్చుతున్నారు. దండలుగా ఎండబెట్టుకుని చలికాలంలో పంది మాంసం ముక్కతో ఉడకేసుకునే కాయలవి. డెన్జిల్ సూది కింద పెట్టలేదు.

"రావయ్యా కెర్మిట్, కుర్చీ లాక్కో. ఓట్ల కోసమైతే ముందే చెబుతున్నా, రీథా ఓటు నా చేతిలో లేదు."

"మీ ఓటు మాత్రం నా చేతిలో ఉందా సార్?" అని నవ్వాడు కెర్మిట్ హోల్‌బ్రూక్. నవ్వుతూనే కాగితం తీసి కాయల గంప అంచున పెట్టాడు.

డెన్జిల్ చదవలేదు. అలాంటి కాగితాలు ఆయన తన సర్వీసులో వేలకొద్దీ సంతకం చేశాడు. లారెల్ ఫోర్క్ కౌంటీకి ఆయన ఇరవై నాలుగేళ్లు ప్రాసిక్యూటరు. అందులో పదేళ్లకి పైగా ఈ కెర్మిట్ ఆయన వెనకే ఫైళ్లు మోశాడు. ఆయన దిగిపోయాక ఆ కుర్చీలోకి ఎక్కాడు. ఇప్పుడు ఆ కుర్చీ ఇరుకైపోయింది కాబోలు, రాష్ట్రం మొత్తానికి అటార్నీ జనరల్ పదవికి నిలబడ్డాడు. నవంబరులో ఎన్నికలు. టీగ్ నేపియర్ మీద హత్యకేసు విచారణ అక్టోబరులో. ఈ రెండూ పక్కపక్కన వచ్చి పడటం దేవుడి ఏర్పాటని కెర్మిట్ మనుషులు బాహాటంగానే చెప్పుకుంటున్నారు.

"ఒక్క ప్రశ్న సార్. పాదాలు కడిగిన ఆదివారం టీగ్ మీ ముందు ఏమన్నాడు? అన్నాడా లేదా, అంతే. అవును అంటే చాలు, మళ్లీ వచ్చి మీ కాయలు గుచ్చుకోవచ్చు."

"ఆ మాటకి అర్థం నీకు తెలీదా? నడక రాకముందు నించీ అదే చర్చి బల్ల మీద కూచున్నవాడివి."

"అర్థం జ్యూరీ తేల్చుకుంటుంది. ఏమన్నాడని అడుగు, ఎందుకన్నాడని అడక్కు అని నేర్పింది మీరేగా."

"ఎంత మంచి పాఠాలు నేర్పావయ్యా!" అంది రీథా భర్తతో, కాయ తొడిమ పుటుక్కున తుంచుతూ.

డెన్జిల్ ఆ పోటు తిని కెర్మిట్ వైపు తిరిగాడు. "నువ్వూ విన్నావుగా కెర్మిట్. తువ్వాలు భుజాన వేసుకుని నా మోకాలి పక్కనే నుంచున్నావు. నువ్వే చెప్పొచ్చుగా?"

"ప్రాసిక్యూటర్ సాక్షి కాకూడదు. అదీ మీరు నేర్పిందే."

"నేను రాకపోతే?"

"కోర్టు ధిక్కారం. జడ్జిగారు కొన్నాళ్లు లోపల కూచోబెడతారు. మీకది పెద్ద లెక్కేం కాదు, నాకు తెలుసు. కానీ మీ బదులు లెస్టర్‌ని పిలుస్తాను. ఆ రోజు మీ పక్క కుర్చీలోనే కూచున్నాడు. చచ్చిపోయిన ఆర్లెన్‌కి స్వయానా మేనత్త కొడుకు. వాడైతే నేను అడక్కముందే అవును అంటాడు. మీరు చెబితే కాస్త గౌరవంగా ఉంటుందని వచ్చాను, అంతే." కెర్మిట్ లేచాడు. మెట్లు దిగబోతూ ఆగి, "ఆర్లెన్‌కి ఓ తల్లి ఉంది సార్. రోజూ ఫోను చేస్తుంది. ఆవిడకి నేనేం చెప్పాలి?" అన్నాడు. ఆ ఒక్క మాటా వాడు ఓట్ల కోసం అన్నది కాదని డెన్జిల్‌కి తెలుసు.

కారు మలుపు తిరిగింది. ఆ మలుపులోనే కెర్మిట్ ఎన్నికల బోర్డు ఉంది. భుజాన తెల్ల తువ్వాలు, చేతుల్లో ఎనామిల్ పళ్లెం, మొహం నిండా వినయం. కింద పెద్ద అక్షరాలతో 'మీ సేవకుడు' అని. ఆ ఫొటో చర్చిలో తీసింది కాదు, చర్చిలో ఫొటోలు తియ్యనివ్వరు. కెర్మిట్ తన పెరట్లో తీయించుకున్నాడు. ఆ బోర్డు చూసినప్పుడల్లా డెన్జిల్‌కి ఒళ్లు మండుతుంది. పళ్లెం పట్టుకున్నందుకు కాదు, అందులో నీళ్లు లేనందుకు.

ఈ కెంటకీ కొండల్లో పాదాలు కడిగే సంఘాలు ఇంకా కొన్ని ఉన్నాయి. లారెల్ ఫోర్క్ సంఘం అందులో మరీ పాతది. వాయిద్యాలుండవు. ఒకరు పాట చరణం అందిస్తే మిగతావాళ్లు సాగదీసి అందుకుంటారు. జూన్‌లో ఒక ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అయ్యాక మగవాళ్లు మగవాళ్ల పాదాలు, ఆడవాళ్లు ఆడవాళ్ల పాదాలు కడుగుతారు. అయితే కడుపులో కక్ష పెట్టుకుని ఎవరూ పళ్లెం ముట్టకూడదు. ఏడాది పొడుగునా ఎవరిని ద్వేషించారో వాళ్ల ముందు మోకరించి ఒప్పుకోవాలి. ఇక్కడే వీళ్ల పద్ధతి ఒకటుంది. తోటివాణ్ణి ద్వేషించడమూ చంపడమూ దేవుడి లెక్కలో ఒకటేనని వీళ్ల పెద్దలు నమ్మారు. అందుకని ద్వేషించాను అనే మెత్తని మాట పళ్లెం దగ్గర చెల్లదు. "నా సోదరుణ్ణి చంపాను" అనాలి. కుర్చీలో ఉన్నవాడు "నేను బతికే ఉన్నాను, లే తమ్ముడూ" అని పాదం ముందుకు చాపుతాడు. అంతటితో ఆ కక్ష తీరిపోతుంది. కడిగిన నీళ్లు కంచె అవతల పారబోస్తారు. మాట కూడా ఆ నీళ్లతోనే పోవాలి. బయట ఎక్కడైనా ఆ మాట ఎత్తినవాణ్ణి సంఘం వెలివేస్తుంది.

ఇరవై నాలుగేళ్లు ఊరి వాళ్ల కొడుకుల్ని, అన్నదమ్ముల్ని జైలుకి పంపినవాడు ఆ కుర్చీలో కూచుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ప్రతి జూన్‌లోనూ డెన్జిల్‌ని చంపినవాళ్లు వరసలో నిలబడేవారు. "ఇవాళ నువ్వు ఎన్నిసార్లు చచ్చావు?" అని రీథా దారిలో ఎగతాళి చేసేది. ఆయనకు అది బాధగా ఉండేది కాదు. కోర్టులో తనవైపు కన్నెత్తి చూడనివాడు పళ్లెం ముందు తల వంచి నిజం చెబుతుంటే, తన ఉద్యోగం కన్నా ఇదే పెద్ద న్యాయస్థానమేమో అనిపించేది.

ఆ ఏడాది జూన్‌లో టీగ్ నేపియర్ వచ్చాడు. పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు, మనిషి బక్కపలచన. మార్చిలో ఆర్లెన్ ప్రాట్ శవం ఏటి మీది వేలాడే వంతెన కింద రాళ్లలో దొరికింది. తల పగిలి ఉంది. తాగి పడ్డాడా, ఎవరైనా తోశారా తెలియదు. ముందురోజు సాయంత్రం పెట్రోలు బంకు దగ్గర టీగ్, ఆర్లెన్ ఒక వేటకుక్క గురించి కొట్టుకోవడం మాత్రం అందరూ చూశారు. జూన్ దాకా టీగ్ మీద ఏ కేసూ లేదు. వాడు వచ్చి డెన్జిల్ ముందు మోకరించి, నీళ్లలోకి చూస్తూ, "నా సోదరుడు ఆర్లెన్‌ని చంపాను" అన్నాడు. చనిపోయినవాడితో కక్ష మిగిలిపోతే కుర్చీలో ఎవరుంటే వాళ్లతో చెప్పుకోవడం కూడా పద్ధతే. కానీ ఎప్పుడూ బదులిచ్చే డెన్జిల్‌కి ఆ రోజు నోరు రాలేదు. చచ్చినవాడి తరఫున బతికే ఉన్నానని ఎలా అంటాడు? పైగా ఆ మాట చెవిన పడగానే లోపల నిద్రపోతున్న ప్రాసిక్యూటరు ఒక్కసారి లేచి కూచున్నాడు. ఆయన పాదం మాత్రం చాపాడు. వాడు కడిగి, తుడిచి, పక్కకి తప్పుకున్నాడు. వెనక తువ్వాలుతో నుంచున్న కెర్మిట్ వచ్చి ఆ తడి నేల మీదే మోకరించాడు.

కెర్మిట్ తన మాట తాను చెప్పుకున్నాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్లి టీగ్ మాట మీద కేసు కట్టాడు.

సెప్టెంబరు శనివారం సంఘం కూడిక అయ్యాక, దాన్ని నడిపే మోడరేటర్ ఎస్టిల్ కాడిల్ డెన్జిల్‌ని సమాధుల గట్టు వైపు నడిపించుకుపోయాడు. ఎనభై దాటిన మనిషి. గనిలో పనిచేసిన ఊపిరితిత్తులు, రెండు మాటలకోసారి ఆగుతాడు.

"కాగితం వచ్చిందట?"

"వచ్చింది బ్రదర్."

"నువ్వు వెళ్లొద్దు. జైల్లో పెడితే పెట్టనీ. మేం రోజూ భోజనం పట్టుకొస్తాం. రీథాని చూసుకుంటాం."

"నేను నోరు మూసుకుంటే లెస్టర్ తెరుస్తాడు."

"లెస్టర్ సంగతి మేం చూస్తాం. వెలివేస్తాం."

"వాణ్ణి వెలివేస్తే టీగ్ జైల్లోంచి బయటికొస్తాడా? అర్థం చెప్పేవాడు లేకుండా ఆ ఒక్క మాటే జ్యూరీకి వినపడుతుంది. ముప్పయ్యేళ్లు వేస్తారు వాడికి."

"దేవుడున్నాడు కదయ్యా."

"ఉన్నాడు బ్రదర్. ఆ పన్నెండు కుర్చీల్లో మాత్రం ఆయనకి సీటివ్వరు. ఎవరిని కూచోబెట్టాలో ఎవరిని లేపాలో ప్రాసిక్యూటరు చూసుకుంటాడు. ఆ పని నేను చేశాను, నాకు తెలుసు."

ఎస్టిల్ చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వు చెప్పేది కాదనను. కానీ ఒకసారి పళ్లెం దగ్గర మాట కోర్టుకెక్కిందంటే ఇంకెవడు నిజం చెబుతాడు? వచ్చే జూన్‌లో మోకరించేవాడు పక్కన లాయరున్నాడా అని చూసుకోడూ? ఆ తలుపు కెర్మిట్ తెరిచాడు. నువ్వు దాన్ని బార్లా తెరుస్తానంటున్నావు. నోరు తెరిస్తే నీ పేరు నేనే కొట్టెయ్యాలి. మా నాన్న పక్కన మీ నాన్నని ఈ గట్టు మీదే పెట్టాం. నిన్ను ఇక్కడ పెట్టే వీలుండదు."

ఎన్నికల్లో ఓడిపోతానని ఎన్నడూ భయపడని డెన్జిల్ ఆ రోజు గడ్డి మీద తన తండ్రి రాయి పక్కనున్న ఖాళీ చోటు చూసి భయపడ్డాడు. ఎస్టిల్ చెప్పినదాంట్లో తప్పు లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ వారంలోనే ఆయన టీగ్ తరఫున ప్రభుత్వం పెట్టిన లాయరు దగ్గరికి వెళ్లాడు. హార్డ్‌వేర్ దుకాణం మేడ మీద ఆఫీసు. కొరిన్ బెక్విత్ అని లెక్సింగ్టన్ నించి వచ్చిన పిల్ల, ఈ కొండలకి కొత్త. బల్ల మీద చల్లారిపోయిన కాఫీ. ఆయన్ని చూడగానే లేచి నుంచుంది. శత్రువు ఇంటికొచ్చినట్టే ఉంది ఆమె వాలకం.

"మీరు వాళ్ల సాక్షి కదండీ?"

"సాక్షి ఎవరికీ సొంతం కాదమ్మా. కూచో. కెర్మిట్ నన్ను ఒక ప్రశ్న అడుగుతాడు. నేను అవునంటాను. అప్పుడు నువ్వు లేచి ఆ మాటకి అర్థమేంటని అడుగుతావు. నేను చెబుతాను. జ్యూరీ నమ్మదు. చర్చి మనిషి చర్చి మనిషిని వెనకేసుకొస్తున్నాడనుకుంటుంది. అప్పుడు నువ్వు కూచోబోతావు. కూచోకు. ఇంకో ప్రశ్న అడుగు."

"ఏం ప్రశ్న?"

"టీగ్ తర్వాత నా ముందు మోకరించింది ఎవరు, ఏమన్నాడు అని."

"ఏమన్నారు?"

"అది ఇప్పుడు చెప్పను."

కొరిన్ కళ్లద్దాలు తీసింది. "జవాబు తెలీని ప్రశ్న కోర్టులో అడగొద్దని లా కాలేజీలో మొదటి రోజే చెబుతారండీ."

"నేనూ అదే చెప్పేవాణ్ణి."

"ఈ కౌంటీలో మీరు ఓడిపోయిన కేసులు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. అలాంటి మీరు వచ్చి, కళ్లు మూసుకుని దూకమంటున్నారు. అవతల వాడి బతుకు పోతుందండీ, నాది కాదు!"

"ఆ మాట నా నోట్లోంచి ఒక్కసారే వస్తుందమ్మా. నీ గదిలో వస్తే అది చాడీ. ప్రమాణం చేశాక వస్తే సాక్ష్యం. దానికి నేను కట్టాల్సిన ఖరీదు చాలా ఉంది, ఊరికే పారేసుకోలేను. నన్ను నమ్మమనటం లేదు. అడగమంటున్నాను." ఆయన టోపీ తీసుకుని మెట్లు దిగాడు. ఆమె అడుగుతుందో లేదో ఆయనకు తెలియదు. తానే ఆ వయసులో ఆమె స్థానంలో ఉంటే అడిగేవాడు కాదు.

అక్టోబరులో కోర్టు హాలు నిండిపోయింది. జ్యూరీ వైపు ఒకసారి చూసేసరికి డెన్జిల్‌కి పరిస్థితి తెలిసిపోయింది. పాదాలు కడిగే సంఘాలవాళ్లని ఒక్కొక్కర్నీ ఏరి బయటికి పంపేశాడు కెర్మిట్. టౌనువాళ్లు, ఒహాయో నించి వచ్చి స్థిరపడ్డవాళ్లు, చర్చి మొహమే చూడనివాళ్లు మిగిలారు. క్షమించడం అలవాటైనవాణ్ణి జ్యూరీలో పెట్టుకోకు అనే సూత్రం ఒకప్పుడు తనదే. అప్పట్లో దాన్ని తెలివి అనుకునేవాడు.

మొదటి వరసలో ఆర్లెన్ తల్లి కూచుంది. వెనక వరసలో ఎస్టిల్, సంఘం పెద్దలు, వాళ్ల మధ్య రీథా. టీగ్ అరువు తెచ్చిన కోటులో ముడుచుకుని బల్ల చూసుకుంటున్నాడు. డెన్జిల్ పాస్టరు కాదు కాబట్టి ఆయన విన్నదానికి రహస్యమనే రక్షణ లేదని జడ్జి లవెల్ పొద్దున్నే తేల్చేసింది. ఆయన చెయ్యెత్తి ప్రమాణం చేశాడు.

కెర్మిట్ దగ్గరికొచ్చి నుంచున్నాడు. "మిస్టర్ స్టాంపర్, జూన్‌లో ఆ ఆదివారం టీగ్ నేపియర్ మీ ముందు మోకరించాడా?"

"మోకరించాడు."

"'నా సోదరుడు ఆర్లెన్‌ని చంపాను.' ఈ మాటలు అన్నాడా?"

"అన్నాడు. కానీ మా దగ్గర దానర్థం..."

"నేను అర్థం అడగలేదు. అవునా, కాదా?"

జడ్జి కళ్లద్దాల మీంచి చూసింది. "అడిగినదానికి చెప్పండి మిస్టర్ స్టాంపర్. ఈ నియమం మీకు నేను చెప్పాల్సి వస్తుందనుకోలేదు." హాల్లో కొందరు నవ్వారు.

"అవును."

"అంతే" అని కెర్మిట్ వెనక్కి తిరిగాడు. ఆర్లెన్ తల్లి మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. జ్యూరీలో ఒకాయన టీగ్‌ని చూసి పెదవి బిగించాడు.

కొరిన్ లేచింది. ఆ మాటకి అర్థమేమిటని అడిగింది. డెన్జిల్ చెప్పాడు, ద్వేషం సంగతి, పళ్లెం సంగతి, పెద్దల నాటి పద్ధతి. చెబుతున్నంతసేపూ జ్యూరీని చూస్తూనే ఉన్నాడు. తాను అనుకున్నట్టే అయింది. ఒకావిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఒకతను చేతులు కట్టుకున్నాడు. మతం మాటున దాక్కుంటున్న ముసలాయన్ని చూస్తున్నారు వాళ్లు. కెర్మిట్ కుర్చీలో వెనక్కి వాలి పెన్ను మూత పెట్టేశాడు.

కొరిన్ తన కాగితం చూసుకుంది. జడ్జి, "ఇంకేమైనా ఉందా మిస్ బెక్విత్?" అంది. ఆమె కుర్చీ వెనక చెయ్యి వేసింది, కూచోవడానికే. సాక్షి బోనులో కూచున్నవాడు అడగని దానికి జవాబు చెప్పలేడు. జీవితమంతా అవతలివాళ్లకి వేసిన ఆ సంకెల ఇప్పుడు డెన్జిల్ నాలుక మీద ఉంది. అడుగమ్మా, అని మనసులో అరిచాడు.

ఆమె కుర్చీ మీద చెయ్యి తీసేసింది.

"టీగ్ తర్వాత మీ ముందు మోకరించింది ఎవరండీ?"

"కెర్మిట్ హోల్‌బ్రూక్."

హాలంతా కదిలింది. కెర్మిట్ పెన్ను మూత ఊడదీశాడు.

"ఆయన ఏమన్నారు?"

"అభ్యంతరం!" కెర్మిట్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి జరిగింది.

"ఏ కారణం మీద?" అంది జడ్జి.

"అది... ఆ మాటలు పళ్లెం దగ్గర..." అన్నంతవరకూ వచ్చి కెర్మిట్ ఆగిపోయాడు. పళ్లెం దగ్గర చెప్పుకున్న మాటలు బయటికి తేకూడదు. వాడి దగ్గరున్న కారణం అదొక్కటే. ఆ కారణమే చెల్లదని పొద్దున్న ఇదే జడ్జిగారి ముందు అరగంట వాదించి గెలిచాడు. వాడి మెడ ఎర్రబడటం చూసి, ఒకప్పుడు తన వెనక ఫైళ్లు మోసినవాడి మీద డెన్జిల్‌కి జాలి కూడా వేసింది.

"కారణం లేకపోతే కూచోండి. సాక్షి చెప్పొచ్చు."

డెన్జిల్ వెనక వరస వైపు చూశాడు. ఎస్టిల్ కళ్లు మూసుకున్నాడు. రీథా మాత్రం ఆయన్నే చూస్తోంది. ఆమె చిన్నగా తలాడించింది.

"'నా సోదరుడు డెన్జిల్‌ని చంపాను' అన్నాడు. ఆ పళ్లెం బోర్డు తీసేదాకా నా మద్దతు ఇవ్వనన్నానని. నేను జవాబు చెప్పాను." ఆయన జ్యూరీ వైపు తిరిగాడు. "నేను బతికే ఉన్నాను, లే తమ్ముడూ, అన్నాను. చూస్తున్నారుగా. ఇప్పటికీ బతికే ఉన్నాను."

ఎవరూ నవ్వలేదు. చేతులు కట్టుకున్నతను చేతులు విప్పాడు. ముందు కెర్మిట్‌ని, తర్వాత టీగ్‌ని, మళ్లీ కెర్మిట్‌ని చూశాడు.

కెర్మిట్ నేర్చుకున్నదంతా ఆ క్షణంలో మర్చిపోయి ముందుకొచ్చాడు. "అయితే టీగ్ ఆర్లెన్‌ని చంపలేదని మీకు తెలుసా? తెలుసా సార్?"

"తెలీదు" అన్నాడు డెన్జిల్. టీగ్ తలెత్తాడు. "నాకు తెలీదు. నీకూ తెలీదు కెర్మిట్. తెలీనప్పుడు తెలీదని వీళ్లకి చెప్పడమే మన ఉద్యోగం. గెలుస్తున్నంతకాలం నాకూ అది గుర్తుండేది కాదు."

టీగ్ నిర్దోషి అని జ్యూరీ తేల్చింది. పెట్రోలు బంకు దగ్గర కొట్లాట తప్ప కెర్మిట్ చేతిలో ఇంకేమీ మిగల్లేదు. తీర్పు చదివాక ఆర్లెన్ తల్లి డెన్జిల్ పక్కనుంచే వెళ్లింది. ఆయన ఏమైనా అంటాడేమోనని ఒక్క అడుగు ఆగి, వెళ్లిపోయింది. ఆ ఆగిన అడుగు ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

నవంబరులో కెర్మిట్ ఓడిపోయాడు. ఎన్నికలకి ముందే, తీర్పు తర్వాత వచ్చిన శనివారమే, సంఘం కూడింది. ఎప్పటిలాగే ఎస్టిల్ లేచి, "అందరం సమాధానంగా ఉన్నామా?" అని అడిగాడు. కోర్టులో సమాధానమంటే జవాబు. చర్చిలో సమాధానమంటే శాంతి. మాట ఒక్కటే. ఒకటి ఇచ్చిన పాపానికి రెండోది పోగొట్టుకున్నాడు డెన్జిల్. తానే లేచి నుంచుని, "నేను లేను బ్రదర్. పళ్లెం దగ్గర మాట బయట చెప్పాను" అన్నాడు. కెర్మిట్‌ని కూడా లేపారు. వాడు తన ఉద్యోగం తాను చేశానన్నాడు. తప్పయిందని ఒక్క మాటంటే ఇద్దరికీ దారి ఉంది. కెర్మిట్ పట్టుదలతో అనలేదు. డెన్జిల్ అనలేకపోయాడు, ఎందుకంటే తప్పయిందని ఆయనకు అనిపించలేదు, అబద్ధమాడి చర్చిలో ఉండటం ఆయనకు చేతకాదు. వెలివేయడానికి అందరి చేతులూ లేవాలి. లేచాయి. అందరికన్నా ఆలస్యంగా లేచింది టీగ్ చెయ్యి.

మళ్లీ జూన్ వచ్చింది. వెలిపడ్డవాళ్లు చర్చికి రావచ్చు, తలుపు పక్కనున్న ఆఖరి బల్ల మీద కూచోవచ్చు, పాట పాడవచ్చు. పళ్లెం ముట్టకూడదు. రీథా ముందు వరసలో ఆడవాళ్లతో ఉంది. డెన్జిల్ లోపలికొచ్చేసరికి ఆ బల్ల మీద కెర్మిట్ అప్పటికే కూచుని ఉన్నాడు, సరిగ్గా మధ్యలో. డెన్జిల్ చివరన సర్దుకున్నాడు. కూడిక అంతా ఇద్దరూ ఎదురుగానే చూశారు.

ముందు టీగ్ తువ్వాలు నడుముకి కట్టుకుని వెళ్లి లెస్టర్ ముందు మోకరించాడు. ఏదో అన్నాడు. పాట సాగుతోంది, ఆ దూరానికి డెన్జిల్‌కి వినపడలేదు. వినపడనందుకు ఆయన దేవుడికి దండం పెట్టుకున్నాడు. లెస్టర్ చాలాసేపు కదల్లేదు. తర్వాత పాదం చాపాడు.

కెర్మిట్ అటే చూస్తున్నాడు. దవడలు బిగుసుకుని ఉన్నాయి. కాసేపటికి తల తిప్పకుండానే, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"ఈ ఏడాది రోజూ మిమ్మల్ని చంపాను సార్."

డెన్జిల్ చుట్టూ చూశాడు. ఇక్కడ పళ్లెం లేదు, నీళ్లు లేవు, తువ్వాలు లేదు. నడుం నొప్పిగా ఉంది. బల్ల అంచు కోసుకుపోతోంది.

"బతికే ఉన్నానయ్యా" అన్నాడు. "కాస్త అటు జరుగు."